హెలికాప్టర్ కింద భానుప్రియ

భానుప్రియ ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. ఆమె పాదానికి సరిపోయే బూట్లు ఊళ్ళోని ఫైర్ స్టేషన్‌లో లేకపోవడంతో ప్రత్యేకంగా తెప్పించాల్సి వచ్చింది. అవి వచ్చేదాకా నెల రోజులపాటు రెండు జతల ఉన్ని మేజోళ్ళు వేసుకుని, ఎవరిదో పాత జతలో కాళ్ళు దూర్చి నడిచింది. ఆ రోజుల్లో తనను వెనకనుంచి చూసినవాళ్ళెవరికీ నవ్వు ఆగేది కాదని ఆమే చెప్పింది నాకు.

ఆమె మ్యూనిక్‌లో ఉన్నప్పటినుంచీ నేనెరుగుదును. సొంతూరు జగిత్యాల. కార్ల బ్రేకులను నడిపించే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఉద్యోగం. భర్త ఉమేశ్‌కు 2020 వేసవిలో డెగ్గెన్‌డార్ఫ్‌లోని టెక్నికల్ కాలేజీలో ల్యాబ్ ఇంజనీరుగా పని దొరికింది. కరోనా మూలాన ఆమెకు ఆఫీసు ఇంట్లోనే. అద్దెలు మండిపోయే మ్యూనిక్‌లో ఇంక ఉండడం ఎందుకని, ఏడేళ్ళ కూతురు తన్విని తీసుకుని డెగ్గెన్‌డార్ఫ్‌కి ఇరవై కిలోమీటర్ల అవతల, కొండ అంచున ఉన్న ఒక చిన్న ఊరికి మారిపోయారు. హిల్డెగార్డ్ అనే పెద్దావిడ ఇంట్లో పై వాటా.

"అక్కడ మనవాళ్ళు ఒక్కరూ ఉండరే భానూ, చలికాలం ఎలా గడుపుతావు?" అన్నాను నేను.

"మనోళ్ళు లేకుంటే ఎవరో ఒకరుంటరు గద అక్కా. ఇల్లు పెద్దగుంది, పిల్లకు ఆడుకోనికి జాగుంది, ఇంకేం గావాలె?" అంది.

ఆ ఎవరో ఒకరు ఎలాంటివాళ్ళో ఆమెకు డిసెంబరులో తెలిసింది.

ఉమేశ్‌కు జ్వరంతో మొదలైంది. టెస్టులో కరోనా అని తేలింది. ముగ్గురూ ఇల్లు కదలకూడదన్నారు. ఐదు రోజులు దగ్గుతూ, తింటూ మానుతూ గడిపాడు. ఆరో రోజు ఉదయం ఎనిమిదింటికి భానుప్రియ కాఫీ తీసుకుని గదిలోకి వెళ్తే, అతని పెదవులు నీలంగా ఉన్నాయి. ఏమైనా అడిగితే తల మాత్రం ఊపుతున్నాడు. ఆమె అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసింది.

అంతకుముందు రోజంతా మంచు కురిసింది. కొండ ఎక్కే రోడ్డు మీద ఒక లారీ జారి అడ్డంగా ఆగిపోవడంతో అంబులెన్స్ కిందే చిక్కుకుపోయింది. ఫోన్‌లో ఉన్నామె కంగారు లేకుండా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది: "హెలికాప్టర్ పంపుతున్నాం. దిగడానికి చోటు మీ ఊరివాళ్ళు చూసుకుంటారు. మీరు ఆయన దగ్గరే కూర్చోండి."

రెండు నిమిషాల్లో ఊరి సైరన్ మోగింది. జర్మనీ పల్లెల్లో ఫైర్ స్టేషన్ అంటే జీతానికి పనిచేసేవాళ్ళు ఉండరు. రొట్టెలు చేసేవాడు, రైతు, బడి పంతులమ్మ, ఇలా ఊళ్ళోవాళ్ళే సైరన్ వినగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తారు. ఆ సంగతి అప్పటికి భానుప్రియకు తెలియదు. కిటికీలోంచి చూస్తే, పైజామాల మీదే కోట్లు వేసుకుని మనుషులు పారలతో ఫుట్‌బాల్ మైదానం వైపు పరుగెత్తుతున్నారు. మోకాలి లోతు మంచు. వరసగా నిలబడి తవ్వుతున్నారు. వాళ్ళలో హిల్డెగార్డ్ కూడా ఉంది, ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఉమేశ్ చెయ్యి పట్టుకునే భానుప్రియ వాళ్ళను లెక్కపెట్టింది. పందొమ్మిది మంది.

హెలికాప్టర్ దిగినప్పుడు లేచిన మంచుపొడిలో అందరూ మాయమైపోయారు. డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టాడు. మాస్కులు, తెల్లటి సూట్లు వేసుకున్న నలుగురు స్ట్రెచర్‌ను మెట్ల మీదినుంచి దించి, మూడువందల మీటర్లు మోసుకుపోయారు. ఆమె వెంట వెళ్ళడానికి లేదు. పిల్లను పొట్టకు అదుముకుని కిటికీ దగ్గర నిలబడింది. కింద ఒక పెద్దమనిషి ఆగి పైకి చూశాడు. ఏదో చెప్పాడు కానీ రెక్కల చప్పుడులో వినబడలేదు. అప్పుడాయన రెండు అరచేతులూ కిందికి అదుముతూ, నెమ్మదించమ్మా అన్నట్టు సైగ చేశాడు. ఆయన పేరు అలోయిస్ అనీ, ఆ ఊరి ఫైర్ దళానికి ఆయనే నాయకుడనీ ఆమెకు తర్వాత తెలిసింది.

ఉమేశ్ రేగెన్స్‌బుర్గ్ ఆసుపత్రిలో పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆ పదకొండు రోజులూ నేను ఫోన్ చేసినప్పుడల్లా భానుప్రియ ఒక్కటే చెప్పేది: "ఈ పూట గూడ ఉన్నడక్కా." క్వారంటైన్‌లో ఉన్న ఆ ఇంటి గుమ్మం ముందు పాలు, రొట్టె, కూరగాయలు ఎవరు పెట్టి వెళ్తున్నారో తెలిసేది కాదు. ఒకరోజు సంచిలో చిన్న అల్లం ముక్క, దానితోబాటు ఒక చీటీ: "భారతీయులు దీన్ని వాడతారని ఇంటర్నెట్‌లో చదివాను." ఆ చీటీ చదివాక, అన్ని రోజుల్లో మొదటిసారి కరువుతీరా ఏడ్చానంది.

జనవరి చివర్లో ఉమేశ్ ఇంటికొచ్చాడు. పద్దెనిమిది కిలోలు తగ్గాడు. నాలుగు మెట్లు ఎక్కితే ఐదో మెట్టు మీద కూర్చునేవాడు. కానీ వచ్చాడు.

ఆ వారంలోనే భానుప్రియ ఫైర్ స్టేషన్‌కి వెళ్ళింది. అలోయిస్ ఒక్కడే బండి కడుగుతున్నాడు. ఆమె జర్మన్ భాష బజారు పనులకు సరిపోతుంది, మనసులో మాటకు సరిపోదు. ఇంట్లో రాసుకుని, బట్టీపట్టి వెళ్ళింది. మొదటి వాక్యం దాటాక అదీ మర్చిపోయింది.

"మీరు లేకపోతే నా భర్త..." అని ఆగిపోయింది.

"మేం చేసింది మంచు తవ్వడమేనమ్మా," అన్నాడు అలోయిస్. "మిగతాది డాక్టర్లు చేశారు."

"మీకోసం నేనేం చెయ్యగలను?"

ఇలాంటి ప్రశ్నకు ఎవరైనా ఏమీ అక్కర్లేదంటారు. అలోయిస్ మాత్రం స్పాంజి బకెట్‌లో వేసి, "పగలు మీరు ఎక్కడుంటారు?" అని అడిగాడు.

"ఇంట్లోనే. హోమ్ ఆఫీస్."

"రోజూనా?"

"రోజూ."

"మా వాళ్ళలో చాలామంది పగలు ఫ్యాక్టరీల్లో ఉంటారు. మీ ఆయన సంగతి శనివారం జరిగింది కాబట్టి పందొమ్మిది మంది దొరికారు. అదే మంగళవారం పదింటికైతే నాకు దొరికేది ఐదుగురు. మీరు వస్తారా?"

ఆమె వేళాకోళం అనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఇంటికొచ్చి చెబితే ఉమేశ్, "నాకైతే భయమైతుంది భానూ. నాకే ఊపిరి సక్కగ ఆడ్తలేదు. నీకేమన్న అయితే పిల్ల సంగతేంది?" అన్నాడు.

"నాగ్గూడ భయమే. కానీ వాళ్ళు పారలు పట్టుకొని ఉరికినప్పుడు మనమెవరో వాళ్ళకు ఎరుకనా? థాంక్స్ అని చెప్పి ఇంట్ల కూసుంటే నాకు నిద్ర వడ్తలేదు."

సైరన్ మోగితే తన్వి కింద తన దగ్గరే ఉంటుందని హిల్డెగార్డ్ ఒప్పుకుంది. ఆఫీసు పేచీ రాలేదు. ఇలాంటి పనికి వెళ్ళేవాళ్ళను ఆపకూడదని అక్కడ చట్టమే ఉంది.

పాఠాలు ఆ చలికాలమంతా ఆన్‌లైన్లో జరిగాయి. పంపు, గొట్టం, నిచ్చెన, ముడులు. ఒక్కోదానికి బారెడు పేరు. వంటింట్లో ఆమె వల్లె వేస్తుంటే తన్వి సరిదిద్దేది. "అమ్మా, నైన్, కాదు! ష్ట్రాల్‌రోర్!" అని పెదవులు సాగదీసి చూపించేది. గొట్టం చివర బిగించే నాజిల్‌కు అంత పేరెందుకని తల్లి విసుక్కుంటే, పిల్ల జర్మన్‌లోనే నవ్వుతూ ఇంకో పేరు అందించేది. ఏప్రిల్లో ఆరుబయట సాధన మొదలైంది. దళంలో చిన్నాపెద్దా అందరూ ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటారు. అరవై రెండేళ్ళ అలోయిస్‌ను నువ్వు అనడానికి ఈ జగిత్యాల పిల్లకు రెండు నెలలు పట్టింది.

ఆ జులైలో నిబంధనలు సడలించాక, స్టేషన్ ముందు అందరూ దూరం దూరంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఉమేశ్ చేతికర్రతో నడుచుకుంటూ వచ్చాడు. చేతులు కలపడం ఇంకా కుదరని రోజులు. అతను ఆ పందొమ్మిది మందిలో ఒక్కొక్కరి ముందూ ఆగి, కర్ర చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి అవతలివాళ్ళు కూడా లేచి నిలబడి, వచ్చీరాని విధంగా చేతులు జోడించడం మొదలుపెట్టారు. హిల్డెగార్డ్ వంతు వచ్చినప్పుడు ఆమె ముక్కు చీదుకుంటూ, "చాలు, కూర్చోవయ్యా, ఆయాసపడతావు," అందట.

హెలికాప్టర్ పని అక్టోబరులో మొదలైంది. ఆ జిల్లాలోని ఫైర్ దళాలన్నిటినుంచీ కొందరిని ఎంచుకుని ఒక జట్టు కట్టారు. అడవి అంటుకున్నప్పుడు బండ్లు వెళ్ళలేని కొండల మీద హెలికాప్టర్లు నీళ్ళు పోస్తాయి. కింద నేల మీద నిలబడి నీటి బకెట్‌ను తగిలించేదీ, పైలట్‌కు దారి చూపించేదీ ఈ జట్టే. భానుప్రియకు హెలికాప్టర్ చప్పుడు ఎక్కడ వినబడినా డిసెంబరు నాటి ఉదయం కళ్ళముందుకొచ్చేది. ఆ మాట అలోయిస్‌తో అంటే, "అయితే దాని దగ్గరికే వెళ్ళి చూడు. వద్దనిపిస్తే తిరిగొచ్చేద్దువుగాని," అన్నాడు.

మొదటి రోజు రెక్కల గాలికి ఆమె రెండడుగులు వెనక్కి కొట్టుకుపోయింది. గాల్లో తిరిగి వచ్చిన హెలికాప్టర్‌లో కరెంటు నిలవ ఉంటుందనీ, బకెట్ తగిలించే కొక్కేన్ని చేత్తో ముట్టుకునేముందు లోహపు కర్రతో తాకించి ఆ కరెంటును నేలలోకి దింపాలనీ నేర్పారు. అన్నిటికన్నా ముఖ్యం సైగలు. పైలట్‌కు తన కింద వేలాడుతున్న బకెట్ సరిగ్గా కనబడదు. నేల మీది మనిషి చేతులే అతనికి కళ్ళు. పైకి, కిందికి, ఎడమకు, కుడికి. రెండు చేతులూ పక్కలకు బారచాపి ఉంచితే, కదలకుండా అక్కడే ఆగమని.

"అక్కా, రేడియోల బవేరియా యాసల మాట్లాడితే నాకు సగం సమజ్ కాదు," అని ఫోన్‌లో చెప్పింది ఆ సాయంత్రం. "హెలికాప్టర్ కింద ఎవ్వరికీ ఏం వినవడదు. అందరికీ చేతులే. ఆడ నేను అందరి లెక్కనే."

2022 జులైలో వానలు మొహం చాటేశాయి. పురుగు పట్టి చచ్చిన, దేవదారులాంటి స్ప్రూస్ చెట్లు కొండల మీద ఎండి కట్టెల్లా నిలబడి ఉన్నాయి. అలాంటి రోజుల్లో అక్కడ చిన్న విమానాల్లో అడవి మీద గస్తీ తిరుగుతారు. ఒక బుధవారం మధ్యాహ్నం ఆ విమానంలోంచి ఒకాయన పొగ చూశాడు. రెండున్నరకు భానుప్రియకు దళం ఇచ్చిన పేజర్ మోగింది. మీటింగ్‌లో ఉన్న ఆమె "అడవి మంట, వెళ్తున్నాను" అని టైపు చేసి, లాప్‌టాప్ మూసి పరుగెత్తింది.

మంట నిటారైన కొండవాలు మీద, రాళ్ళ మధ్య. కింద గడ్డి మైదానంలో ఇనుప చట్రంతో పెద్ద టార్పాలిన్ తొట్టి నిలబెట్టారు. దాన్ని నింపడానికి చుట్టుపక్కల రైతులు పేడనీళ్ళు తోలే ట్యాంకర్లను కడిగి, ట్రాక్టర్లతో నదినుంచి నీళ్ళు మోశారు. ఎంత కడిగినా వాసన పోదు కదా. మూడు రోజులు ఆ మైదానమంతా పశువుల కొట్టంలా కంపు కొట్టిందని చెబుతూ ఆమె ఇప్పటికీ నవ్వుతుంది. పోలీసు హెలికాప్టర్ ఒకటి తొట్టిలో బకెట్ ముంచుకుని వెళ్ళేది. సైన్యంవాళ్ళ పెద్దది దూరంగా నదిలోంచే తోడుకునేది. నాలుగు నిమిషాలకో విడత. భానుప్రియ, రొట్టెల దుకాణం నడిపే లుడ్విగ్ ఒక జోడీ. ఆమె సైగలు చేస్తుంది, అతను తొట్టి దగ్గర తాళ్ళు చూస్తాడు.

గురువారం నాలుగు గంటలకు గాలి మళ్ళింది. పైన మంట పాకకుండా చెట్లు కొట్టి ఖాళీ చేస్తున్న నలుగురి వైపు కిందినుంచి మంట పాకొచ్చింది. వాళ్ళు దిగాల్సిన బాట మూసుకుపోయింది. వెనక నిలువు బండ. రేడియోలో ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ఆమెకు ఒక్క మాట స్పష్టంగా అర్థమైంది: "ఫియర్ లొయిటె." నలుగురు మనుషులు.

సరిగ్గా అప్పుడే పోలీసు హెలికాప్టర్ తొట్టి మీదికొచ్చింది. బకెట్ మునిగింది, నిండింది. పైకి అని సైగ చెయ్యబోతున్న భానుప్రియకు, బకెట్ తాడు ఒకటి తొట్టి చట్రానికున్న ఇనుప బిగింపులో ఇరుక్కుపోయి కనబడింది. అలాగే లేస్తే తొట్టి మొత్తం లాక్కుని లేస్తుంది. హెలికాప్టర్ ఒరిగిపోవచ్చు. పైలట్‌కు అది కనబడదు.

ఆమె రెండు చేతులూ బారచాపింది. కదలకు.

హెలికాప్టర్ గాల్లో ఆగింది. లుడ్విగ్ వంగి పరుగెత్తి తాడు లాగాడు. రాలేదు. చెవి దగ్గర రేడియోలో ఎవరో, "ఎందుకు ఆగింది? పంపండి! పంపండి!" అని కేకలు పెడుతున్నారు. గాలికి ఇసక, గడ్డి మొహాన కొడుతున్నాయి. చేతులు దించితే పైలట్ లేస్తాడు. వెనక్కి తిరిగి ఎవరికైనా చెబుదామంటే అతని కంటికి తను అందకుండా పోతుంది. ఆమె చేతులు అలాగే ఉంచి, కళ్ళు ఆర్పకుండా లుడ్విగ్ చేతుల్నే చూసింది. "ఇరవై సెకన్లో, ముప్పై సెకన్లో అక్కా. నా బతుకుల నేను చేసిన అన్నిట్ల కష్టమైన పని, ఏం చెయ్యకుండ నిలబడుడు," అంది నాతో.

తాడు ఊడింది. లుడ్విగ్ పక్కకు దొర్లాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తింది.

ఆ బకెట్, ఆ తర్వాత వరసగా ఏడు బకెట్లు, పైలట్ ఒకే గీత మీద పోశాడు. పెద్ద హెలికాప్టర్ దాని పక్కన పోసింది. ఆ తడి దారి వెంబడి నలుగురూ పాకుతూ, జారుతూ దిగొచ్చారు. ఒకరి చెయ్యి కాలింది. మిగతా ముగ్గురికీ దగ్గు తప్ప ఏమీ కాలేదు.

ఆరింటికి వాళ్ళలో ఒకామె మైదానానికి వచ్చింది. పేరు రెసి, అటవీ శాఖలో పని. ముఖమంతా మసి. తాడు సంగతి పైలట్ రేడియోలో చెబితే విన్నదట. "చేతులు చాచి నిలబడింది ఎవరు?" అని అడిగింది. లుడ్విగ్ చూపించాడు. అప్పుడు భానుప్రియ అరటిపండు తింటోంది. రెసి ఆమె ముందు నిలబడి, "ఫెర్‌గెల్ట్స్ గోట్," అంది. దేవుడే నీకు ప్రతిఫలం ఇవ్వాలి అని. బవేరియా పల్లెల్లో మామూలు థాంక్స్ చాలనప్పుడు అనే మాట అది. దానికి తిరిగి ఏమనాలో భానుప్రియకు హిల్డెగార్డ్ ఎప్పుడో నేర్పింది కానీ నోట్లో అరటిపండు. తల ఊపి, సగం పండు ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ ట్రాక్టర్ టైరుకు ఆనుకుని కూర్చుని తిన్నారు.

పోలీసు పైలట్‌ను ఆమె శుక్రవారం మధ్యాహ్నం దగ్గరగా చూసింది. ఇంధనం కోసం దిగినప్పుడు హెల్మెట్ తీసి ఆమె దగ్గరికి నడిచొచ్చాడు. ఆమె ఊహించినదానికంటే పెద్దవాడు, నెరిసిన మీసాలు. "నిన్న నువ్వు చేతులు దించుతావేమోనని భయపడ్డాను," అన్నాడు. "నువ్వు లేస్తావేమోనని నేను భయపడ్డాను," అంది ఆమె. అంతే, ఇద్దరూ మళ్ళీ పనిలో పడ్డారు.

శనివారం వాన వచ్చింది. మొదట నాలుగు చినుకులు, తర్వాత గంటసేపు కుండపోత. మైదానంలో నలభై మంది ఉన్నారు. ఒక్కరూ బండ్లలోకి వెళ్ళలేదు. రైతులు ట్యాంకర్ల మీద కూర్చుని తడిశారు. భానుప్రియ హెల్మెట్ తీసేసి జడ విప్పుకుని నిలబడింది. ఇంటికొస్తే ఉమేశ్ వేడినీళ్ళు పెట్టి, పప్పుచారు చేసి ఉంచాడు. రెండు ముద్దలు తిని కూర్చున్నచోటే నిద్రపోయింది.

సెప్టెంబరులో నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఉమేశ్ ఇప్పుడు మెట్లన్నీ ఎక్కుతాడు, మధ్యలో ఒకసారి ఆగుతాడు. భోజనాలయ్యాక అడిగాను, "ఇంక రుణం తీరిందనిపిస్తోందా భానూ?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "గది రుణమెట్లయితదక్కా? వాళ్ళేం అప్పియ్యలే. నాకు ఈడ ఉండుడు మంచిగనిపిస్తది. పొద్దున లేచి కిటికీ తీస్తే, ఈ ఊళ్ళె ఎవరికన్న ఏమన్నయితే పిలిచేటోళ్ళల్ల నేనున్న అనిపిస్తది. గంతే."

ఇప్పుడు దళం సాధన జరిగే మంగళవారం సాయంత్రాల్లో ఆమెకు ఫోన్ చేస్తే దొరకదు. పగటిపూట ఊళ్ళో ఉండే ఇంకో ముగ్గురిని దళంలో చేర్పించింది. ఒక దర్జీ ఆవిడ, ఒక రిటైరైన పోస్ట్‌మాన్, కిందటేడు సిరియానుంచి వచ్చిన ఒక నర్సు. ఆ నర్సుకు పనిముట్ల పేర్లు ఆమే నేర్పుతోంది. తప్పు పలికితే పెదవులు సాగదీసి మళ్ళీ చెప్పిస్తుందట.